మారవలసిన అంకె

శ్రీ సత్యసాయి జిల్లాకు దక్షిణపు కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని చిలమత్తూరు మండలం ఉన్నది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలోనిది. హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్ళే జాతీయ రహదారి మీది కొడికొండ చెక్‌పోస్టు ఈ మండలంలోనిదే. బండరాళ్ళ గుట్టలు, వాటి నడుమ ఎర్రనేలలు, వేరుశనగ చేలు, అక్కడక్కడ మల్బరీ తోటలు, వాన పడితేనే నిండే చెరువులు ఇక్కడి భూమికి ఆనవాళ్ళు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడు వంతులకు రెండు వంతులు నైరుతి ఋతుపవనాల కాలంలోనే కురవాలి. ఆ వాన తప్పితే మిగిలేది బోరుబావి. బోరుబావికి ఆధారం, గట్టి గ్రానైటు రాతి పైన శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను దాగిన కొద్దిపాటి నీరు.

ఈ నీటిని చూడటం సాధ్యం కాదు. చెరువులోని నీటిని గట్టు మీద నిలబడి అంచనా కట్టవచ్చు. భూగర్భజలాన్ని మాత్రం లెక్క ద్వారానే తెలుసుకోవాలి. లెక్క తప్పితే, ఆ తప్పు పంట ఊడలు దిగే దశలో, బోరు గుక్కలు మింగుతూ ఆగిపోయిన రోజున బయటపడుతుంది. అప్పటికి విత్తనానికి, ఎరువుకు పెట్టిన పెట్టుబడి నేలలో ఉంటుంది.

రైతులే ఇటువంటి లెక్కను వేసుకొన్న సందర్భం ఒకటి తెలుగునేలపై ఉన్నది. నెదర్లాండ్స్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతుల నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు నడిచింది. ఆ ఏడింటిలో అనంతపురం ఒకటి. గ్రామస్థులు వర్షమాపకంలోని వానను ప్రతిదినం కొలిచారు. ఎంపిక చేసిన బావులలో నీటిమట్టాన్ని పదిహేను రోజులకొకసారి కొలిచారు. రబీకి ముందు అందరూ ఒకచోట చేరి, ఈ ఏడు నేలలోకి ఇంకిన నీరెంత, వేయదలచిన పంటలు కోరే నీరెంత అని సరిపోల్చుకొన్నారు. దీనికి పంటల నీటి బడ్జెట్ అని పేరు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. గోడమీద రాసిన అంకెలను చూసి ఎవరి నిర్ణయం వారు తీసుకొన్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భూగర్భజల నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. శాసనం లేనిచోట అంకెకు ఉండే బలమెంతో ఈ ఉదాహరణ వల్ల తెలుస్తుంది. అంత బలమున్న అంకె తప్పుది కాకూడదు.

నీటి బడ్జెట్ లెక్క సూత్రప్రాయంగా సులువైనదే. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది 10 ఘనపు మీటర్ల నీరు. చిలమత్తూరు మండలంలో 1000 హెక్టార్ల విస్తీర్ణం గల ఒక గ్రామాన్ని ఊహించుకొందాం. అక్కడ నైరుతిలో 300 మిల్లీమీటర్లు కురిసిందనుకొంటే, మొత్తం 30 లక్షల ఘనపు మీటర్లు. ఇందులో అధికభాగం ఆవిరవుతుంది, వంకల వెంట పారిపోతుంది. కొద్ది భాగమే బోరుకు అందే లోతుకు ఇంకుతుంది. ఆ భాగం ఎంత అనేది నేలను బట్టి ఉంటుంది. భూగర్భజల అంచనా కమిటీ 1997లో సూచించిన ప్రమాణాల ప్రకారం, శిథిలమైన గ్రానైటు నేలలో బంకమట్టి తక్కువగా ఉంటే 11 శాతం, ఎక్కువగా ఉంటే 8 శాతం ఇంకుతుందని తీసుకొంటారు. చెరువుల నుండి ఊరే నీరు, త్రాగునీటి అవసరం మొదలైన అంశాలు కూడ అసలు లెక్కలో ఉంటాయి. ఇక్కడ వాటిని పక్కన పెడదాం. 11 శాతమైతే 3,30,000 ఘనపు మీటర్లు. 8 శాతమైతే 2,40,000. రబీ వేరుశనగకు హెక్టారుకు సుమారు 5,000 ఘనపు మీటర్ల నీరు కావాలి. అనగా మొదటి అంకె ప్రకారం 66 హెక్టార్లు వేయవచ్చు, రెండవ అంకె ప్రకారం 48 మాత్రమే. ఈ రెండింటి నడుమ తేడా 18 హెక్టార్లు. (వరికైతే హెక్టారుకు దాదాపు 12,000 ఘనపు మీటర్లు కావాలి. ఆ లెక్క వేస్తే ఈ గ్రామంలో వరి మాట ఎత్తేవారుండరు.)

ఇటువంటి లెక్కలను నేడు స్ప్రెడ్‌షీట్‌లో వేస్తారు. అడ్డువరుసలు, నిలువు వరుసలు గల గళ్ళ పట్టిక అది. ప్రతి గడికి ఒక చిరునామా ఉంటుంది. కొన్ని గళ్ళలో అంకెలుంటాయి, కొన్ని గళ్ళలో సూత్రాలుంటాయి. అంకె మారితే ఆ అంకెపై ఆధారపడిన సూత్రాలన్నీ తమంతట తామే మళ్ళీ లెక్కకు వస్తాయి. స్ప్రెడ్‌షీట్‌కు ప్రాణం ఈ గుణమే. పూర్వం గ్రామ కరణం లెక్కలలో ఒక పొలం విస్తీర్ణం దిద్దవలసి వస్తే, దాని శిస్తు, ఆ పుట మొత్తం, ఆ గ్రామం మొత్తం అన్నీ వరుసగా కొట్టివేసి మళ్ళీ రాయవలసి వచ్చేది. కరణం పదవి 1984లో రద్దయింది. అప్పటికి ఐదేళ్ళ ముందే, 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌ను విడుదల చేశారు. బ్రిక్లిన్ హార్వర్డ్‌లో వాణిజ్య విద్యార్థిగా ఉన్నప్పుడు, నల్లబల్ల మీద ఒక అంకె చెరిపితే మిగిలినవన్నీ చెరిపి రాయవలసి రావడం చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగింది. కరణం కష్టం, హార్వర్డ్ ఆచార్యుని కష్టం ఒకటే కావడం గమనించదగినది.

తొలినాటి విసికాల్క్‌కు ఒక పరిమితి ఉండేది. అది గళ్ళను వరుసక్రమంలో, పైనుండి కిందికో, ఎడమనుండి కుడికో లెక్కించుకొంటూ పోయేది. పైగడిలోని సూత్రం కిందిగడిపై ఆధారపడితే, మొదటి విడతలో దానికి పాత విలువే దొరికేది. రెండవసారి లెక్కించమంటే గాని సరైన ఫలితం వచ్చేది కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఈ లోపాన్ని సవరించింది. ఏ గడి దేనిపై ఆధారపడి ఉన్నదో చూసి, ఆ క్రమంలోనే లెక్క వేయసాగింది. తరువాత వచ్చిన ఎక్సెల్ మరొక మెట్టు పైకెక్కింది. మారిన గడిపై ఆధారపడిన వాటిని మాత్రమే లెక్కించి, తక్కినవాటిని ముట్టుకోకుండా వదలివేసే పద్ధతిని అనుసరించింది. వేల గళ్ళున్న పట్టిక కూడ రెప్పపాటులో తాజా కావడానికి ఈ పొదుపే కారణం.

ఈ పద్ధతి రాయలసీమ విద్యార్థికి కొత్తదేమీ కాదు. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు నిండి మరువ పారితే, ఆ నీరు వంక వెంట కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందిదానికి. పక్క పరీవాహకంలోని చెరువుకు ఈ సంగతితో సంబంధం లేదు. స్ప్రెడ్‌షీట్‌లో సూత్రంలో రాసిన గడి చిరునామాయే వంక. సూత్రంలో బి2 అని రాస్తే, బి2 నుండి ఈ గడికి ఒక వంక తవ్వినట్లు. బి2 మారగానే ఈ గడికి కబురు వస్తుంది. వంక లేనిచోట కబురు రాదు.

ఇక్కడినుండే చిక్కు మొదలవుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో కూడిక, సగటు వంటి ప్రమేయాలు ముందే సిద్ధంగా ఉంటాయి. నీటి బడ్జెట్ వంటి ప్రత్యేకమైన పనికి అవి చాలనప్పుడు, వాడుకరి తానే ఒక ప్రమేయాన్ని రాసుకోవచ్చు. ఎక్సెల్‌లో 1993 నుండి విజువల్ బేసిక్ అనే భాషలోను, గూగుల్ షీట్స్‌లో యాప్స్ స్క్రిప్ట్ అనే భాషలోను ఈ సౌకర్యం ఉన్నది. వీటిని స్వనిర్మిత ప్రమేయాలు అనవచ్చు. పైన ఊహించుకొన్న గ్రామానికి అటువంటి ప్రమేయమొకటి రాశారనుకొందాం. సౌలభ్యం కొరకు దాని పేరు భూజలం. పట్టికలో బి2 గడిలో వర్షపాతం, సి2 గడిలో విస్తీర్ణం. డి2 గడిలో భూజలం(బి2, సి2) అని రాసి ఉన్నది. ఇంకే శాతం వేరొక పుటలో, ప్రమాణాలు అనే పుటలోని బి5 గడిలో ఉన్నది. ప్రమేయం లోపల రాసిన ఆదేశం ఇది: వర్షపాతాన్ని విస్తీర్ణంతోను 10తోను గుణించాలి, ప్రమాణాలు పుటలోని బి5 గడిని చదవాలి, ఆ శాతం ఎంతో చెప్పాలి.

మొదట బి5లో 11 ఉన్నది. డి2లో 3,30,000 వచ్చింది. సరైనదే. తరువాత ఎవరో నేలను తవ్వి చూసి, బంకమట్టి ఎక్కువగా ఉన్నదని గ్రహించి, బి5లోని 11ను 8గా దిద్దారు. డి2లో 2,40,000 రావాలి. రాదు. 3,30,000 అలాగే నిలిచి ఉంటుంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక లేదు, గడి రంగు మారదు. పాత అంకె కొత్త అంకెలాగే కనిపిస్తుంది. ప్రమాణాలు పుటలో 8 అని ఉండగా, దాని పక్కపుటలో 11 ప్రకారం వేసిన లెక్క కొనసాగుతుంది. దానిని నమ్మి 66 హెక్టార్లలో విత్తనం వేస్తే, 18 హెక్టార్లకు నీరుండదు.

కారణం ఊహించడం ఇప్పుడు కష్టం కాదు. సూత్రంలో కుండలీకరణాల నడుమ కనిపిస్తున్నవి బి2, సి2 మాత్రమే. ఎక్సెల్ ఆ రెండు వంకలనే ఎరుగును. ప్రమేయం లోపల ఏమి రాసి ఉన్నదో అది చదివి చూడదు. బి5 గడి నుండి డి2కు దారి ఉన్నదనే సంగతి దానికి తెలియదు. రాత్రివేళ ఎవరో కడవలతో పక్కచెరువు నీటిని మోసుకువచ్చి పోసినట్లు, ప్రమేయం బి5 విలువను దొంగచాటుగా తెచ్చుకొన్నది. ఆ చెరువులో నీరు తగ్గిన సంగతిని ఈ చెరువుకు చెప్పే వంక ఏదీ లేదు.

ఇంటర్మీడియట్ గణితంలో ప్రమేయాలు అనే అధ్యాయం చదివిన విద్యార్థి దీనినే మరొక విధంగా చెప్పగలడు. ప్రమేయమంటే, ఇచ్చిన ప్రతి విలువకు ఒకే ఒక్క ఫలితాన్ని ఇచ్చేది. 300, 1000 అనే విలువలు ఇస్తే ఒకనాడు 3,30,000, మరొకనాడు 2,40,000 వస్తే, అది ఆ రెండు చలరాశుల ప్రమేయం కాదు. దానికి మూడవ చలరాశి ఒకటి ఉన్నది, దానిని రాయలేదు. స్ప్రెడ్‌షీట్ గణితశాస్త్రపు నిర్వచనాన్ని అక్షరాలా నమ్ముతుంది. ఇచ్చిన విలువలు మారకపోతే ఫలితం కూడ మారదని దాని విశ్వాసం. ఆ విశ్వాసాన్ని వమ్ము చేసింది ప్రమేయాన్ని రాసినవారే.

ఈ లోపం పట్టుబడటం కష్టం కావడానికి ఇంకొక కారణమున్నది. అది అన్ని వేళలా కనిపించదు. బి5ను దిద్దిన తరువాత ఎవరైనా వర్షపాతాన్ని 300 నుండి 310కి మార్చితే, డి2 మళ్ళీ లెక్కకు వస్తుంది. అప్పుడు 8 శాతమే చదువుతుంది, ఫలితం సరిగా వస్తుంది. డి2 గడిలోకి వెళ్ళి ఊరకనే ఎంటర్ నొక్కినా సరైపోతుంది. అదే ఫైలును ఎక్సెల్ యొక్క మరింత కొత్త రూపం ఉన్న కంప్యూటరులో తెరిస్తే, అది తెరిచేటప్పుడే అన్నింటిని లెక్కిస్తుంది. అందువల్ల ఒకే ఫైలు ఒకచోట 66 హెక్టార్లని, మరొకచోట 48 హెక్టార్లని చెప్పే విచిత్రం సంభవిస్తుంది. ఎప్పుడూ తప్పే చెప్పే లెక్కను నాలుగు రోజులలో పట్టుకొంటారు. అప్పుడప్పుడు నిజం చెప్పే లెక్కతోనే ప్రమాదం.

పరిహారం చిన్నదే. దాచిన చలరాశిని బయటపెట్టాలి. ప్రమేయానికి మూడవ స్థానం కల్పించి, డి2లో భూజలం(బి2, సి2, ప్రమాణాలు పుటలోని బి5) అని రాయాలి. ప్రమేయం లోపల ఏ గడినీ నేరుగా చదవకూడదు. తనకు అందిన మూడు విలువలతోనే పని చేయాలి. ఇప్పుడు బి5 నుండి డి2కు వంక ఏర్పడింది. 11ను 8 చేయగానే 2,40,000 వస్తుంది, దానిపై ఆధారపడిన హెక్టార్ల గడి 48 అవుతుంది. సూత్రం కొంత పొడవు పెరుగుతుంది, నిజమే. ఆ పొడవును తప్పించుకోవాలనే చాలామంది శాతాన్ని లోపల దాస్తారు. కాని పొడవైన సూత్రానికి ఇంకొక సుగుణం ఉన్నది. లెక్క దేనిమీద ఆధారపడిందో చూపరికి అందులోనే కనిపిస్తుంది. ప్రోగ్రామింగ్ తెలియని రైతు కూడ, ఇక్కడ 8 అని ఎందుకు పెట్టారని అడగగలడు.

ఎక్సెల్‌లో రెండవ మార్గం ఒకటి ఉన్నది. ప్రమేయపు మొదటి వాక్యంగా అప్లికేషన్ డాట్ వోలటైల్ అనే ఆదేశాన్ని చేర్చడం. వోలటైల్ అనే మాటను రసాయనశాస్త్రంలో బాష్పశీలమని చదువుతారు. క్షణంలో ఆవిరయ్యేది అని అర్థం. ఇక్కడ, ఫలితం నిలకడ లేనిది కావున ప్రతిసారీ లెక్కించవలసినది అని భావం. నేటి తేదీని ఇచ్చే టుడే, ఈ క్షణపు సమయాన్ని ఇచ్చే నౌ, యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చే ర్యాండ్ అనే ప్రమేయాలు సహజంగానే ఈ రకానివి. ఆ ఆదేశాన్ని చేర్చితే, పట్టికలో ఎక్కడ ఏ లెక్క జరిగినా భూజలం ప్రమేయం కూడ దానితోపాటు మళ్ళీ నడుస్తుంది. బి5ను మార్చగానే డి2 తాజా అవుతుంది.

అయినప్పటికీ దీనిని మంచి పరిహారమనడానికి వీలులేదు. ఒక తూము ఎత్తిన ప్రతిసారీ ఊరి నీరుగంటి అన్ని చెరువుల అన్ని తూముల చుట్టూ తిరిగి రావాలని నియమం పెట్టినట్లు ఉంటుంది. రెండు చెరువులైతే ఫరవాలేదు. ఒక మండలంలోని గ్రామాలన్నింటికి, పదేళ్ళ వర్షపాతంతో, వేల గళ్ళలో ఈ ప్రమేయం ఉంటే, సంబంధం లేని గడిలో పేరు దిద్దినా కంప్యూటరు ఆగిపోయినట్లు నిలబడుతుంది. విసుగు చెందిన వాడుకరి అప్పుడు చేసే పని, తానంతట లెక్కించే ఏర్పాటునే తీసివేసి, అడిగినప్పుడే లెక్కించమని మార్చడం. అంతటితో కథ మొదటికి వస్తుంది, ఇంకా కిందికే పోతుంది. ఎందుకంటే ఇప్పుడు ఒక్క భూజలమే కాదు, ఏ గడీ తనంతట మారదు.

అడిగినప్పుడే లెక్కించే ఈ ఏర్పాటుకు ఒక అంటుగుణం కూడ ఉన్నది. ఎక్సెల్‌లో ఒక విడతలో మొదట తెరిచిన ఫైలు ఏ ఏర్పాటుతో ఉంటే, తరువాత తెరిచిన ఫైళ్ళన్నీ అదే ఏర్పాటును పాటిస్తాయి. ఎవరో పంపిన ఫైలును ముందు తెరిచిన పాపానికి, నిన్నటిదాకా సరిగా నడిచిన సొంత ఫైలు నేడు కదలదు. కింది అంచున కాల్‌క్యులేట్ అనే మాట కనిపిస్తే అది గుర్తు. అటువంటప్పుడు ఎఫ్9 మీట నొక్కితే మారిన గళ్ళకు సంబంధించిన లెక్క జరుగుతుంది. దాచిన చలరాశి గల ప్రమేయాన్ని ఆ మీట కదిలించలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 మీటలు మూడూ కలిపి నొక్కితే, మారినా మారకపోయినా అన్ని గళ్ళు లెక్కకు వస్తాయి. లిబ్రేఆఫీస్‌లో ఇదే పనికి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కాలి. వైద్యుడు వచ్చేలోగా ఇచ్చే మందు వంటివి ఇవి. మీట నొక్కాలని గుర్తుండేవారికి అసలు చిక్కే ఉండదు.

వోలటైల్ ఆదేశానికి కూడ లొంగని సందర్భం ఒకటి గ్రామ లెక్కలలో తరచుగా ఎదురవుతుంది. బోరుబావుల జాబితా తయారుచేసి, ఎండిన వాటి గళ్ళకు ఎరుపు రంగు వేయడం అలవాటు. ఎర్రగళ్ళు ఎన్నో లెక్కపెట్టే స్వనిర్మిత ప్రమేయమొకటి రాస్తారు. మరొక బోరు ఎండుతుంది, దాని గడికి ఎరుపు వేస్తారు, లెక్క మాత్రం పెరగదు. రంగు అనేది గడికి వేసిన అలంకారమే గాని విలువ కాదని స్ప్రెడ్‌షీట్ భావన. రంగు మారినందువల్ల అది లెక్కను మొదలుపెట్టదు. వేరొక గడిలో ఏదైనా మారినప్పుడు మాత్రమే వోలటైల్ ప్రమేయం మేలుకొని కొత్త ఎరుపును చూస్తుంది. దీనికి సరైన మార్గం, బోరు పక్కన స్థితి అనే వరుసను చేర్చి, అందులో ఎండినది, పారుతున్నది అని మాటలలో రాయడం. ఎండినది అనే మాట ఎన్నిసార్లున్నదో లెక్కించడానికి కౌంట్‌ఇఫ్ అనే సిద్ధ ప్రమేయమే చాలు. రంగు కూడ కావాలనుకొంటే, మాటను బట్టి రంగు తనంతట వచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. చాలా స్వనిర్మిత ప్రమేయాలు ఈ విధంగా పట్టికను సరిగా అమర్చుకొంటే అవసరమే లేనివి.

గూగుల్ షీట్స్‌లో స్వనిర్మిత ప్రమేయాలు మరింత పట్టుదల గలవి. అక్కడ ఆ లెక్క వాడుకరి కంప్యూటరులో జరగదు, దూరాన గూగుల్ సర్వర్లలో జరుగుతుంది. ఒకసారి వచ్చిన ఫలితాన్ని భద్రపరచి, అవే విలువలు మళ్ళీ ఇస్తే పాత ఫలితాన్నే చూపడం దాని పద్ధతి. ప్రమేయం ఇంటర్నెట్ నుండి వర్షపాతాన్ని తెచ్చుకొనేదైతే, ఉదయం తెచ్చిన అంకె సాయంకాలపు వానకు మారదు. ఎక్సెల్‌లో వలె వోలటైల్ ఆదేశం అక్కడ లేదు. నౌ, ర్యాండ్ వంటి వాటిని చలరాశిగా ఇచ్చి మోసగించుదామన్నా గూగుల్ అనుమతించదు. అందుకు రెండు దారులున్నవి. ప్రమేయానికి అదనంగా ఒక గడి చిరునామా ఇచ్చి, ఆ గడిలో చేతితో తేదీనో, టిక్కు గుర్తునో మార్చడం ఒకటి. ఆ చలరాశి లెక్కకు పనికిరాదు, మేలుకొలుపుకే పనికివస్తుంది. రెండవది, నిర్ణీత వేళకు తానే నడిచే ఒక ప్రోగ్రామును ఏర్పరచి, అది తెచ్చిన వర్షపాతాన్ని నేరుగా గడిలో రాయించడం. రెండవదే మేలు. గడిలో పడిన అంకెకు తేదీ వేయవచ్చు, తరువాత సరిచూడవచ్చు. ప్రమేయం లోపలే వచ్చిపోయిన అంకెకు ఆనవాలుండదు.

తయారైన పట్టికను నమ్మేముందు ఒక పరీక్ష చేయాలి. లెక్కకు సంబంధించిన ప్రతి అంకెను, ఒక్కొక్కటిగా, పెద్దయెత్తున మార్చి చూడాలి. వర్షపాతాన్ని సున్న చేస్తే ఫలితం సున్న కావాలి. శాతాన్ని రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కావాలి. హెక్టారుకు 5,000 అన్నచోట 10,000 వేస్తే పంట విస్తీర్ణం సగం కావాలి. ఏది మార్చినా చలించని ఫలితం కనబడితే, అక్కడ వంక తెగి ఉన్నదని అర్థం. పది నిమిషాల పని ఇది. రబీ విత్తనాల సంచులు విప్పకముందు ఈ పది నిమిషాలు దొరకకపోవు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడ మిగిలిపోయే పాతదనం ఒకటి ఉన్నది. బావిలో తాడు వేసి కొలిచే మట్టం, వర్షమాపకం నుండి పలక మీదికి, పలక మీదినుండి పట్టికకు ఎక్కే వాన, ఇవన్నీ మనిషి చేతిమీదుగానే రావాలి. కొలవని కొలతను ఏ ప్రమేయమూ తాజా చేయలేదు. కావున ప్రతి బావి వరుసలోను చివరిసారి కొలిచిన తేదీకి ఒక గడి కేటాయించాలి. టుడే ప్రమేయం ఇచ్చే తేదీ నుండి దానిని తీసివేసే సూత్రాన్ని పక్కగడిలో రాయాలి. ఆ తేడా 15 దాటిన రోజున, ఆ బావి పేరు ఎదుట కొలత పాతది అనే మాట తనంతట కనిపిస్తుంది.